చిన్న ట్రాముల శిల్పి

పల్లెటూరి బాలుడొకడు రెండు తాటిబుర్రలను పుల్లకు గుచ్చి, నడుమ నొక పంగలకర్రను తగిలించి, వీధి పొడవునను తోలుకొని పోవుచుండును. వాని కన్నులకు అది జోడెద్దుల బండి. అదే వీధిలో వడ్రంగి కుమారుడు, తండ్రి పని ముగించిన పిదప మిగిలిన చెక్కపేళ్లను ఏరుకొని, కుండ, ఆకులు, పూటీలు, ఇరుసు, నొగలు, కాడి అన్నియు అమర్చి జానెడు బండిని చేయును. మొదటివాడు చేసినది బొమ్మ. రెండవవాడు చేసినది నమూనా. బొమ్మకు ఊహ చాలును. నమూనాకు మాత్రము అసలు బండి ఎట్లు కట్టబడినదో తెలిసియుండవలెను.

వీనికి మించిన మూడవ మెట్టొకటి కలదు. నమూనాయే అయినను, మనుష్యులు ఎక్కి కూర్చుండి ప్రయాణము చేయుటకు తగినంత పెద్దదిగను దృఢముగను ఉండునట్టి బండిని కట్టుటయే ఆ మెట్టు. ఇంగ్లండు దేశమున క్లాడ్ లేన్ అను నాతడు ఈ పనికి పూనుకొనెను. అతని పనిశాలలో చేతితో కట్టబడిన చిన్న ట్రాముబండ్లలో కొన్ని అతని అనంతరమునను నిలిచి, నేటికిని జనులను మోయుచున్నవి. అవి ఎట్లు పుట్టినవి, ఎన్ని మార్పులకు లోనైనవి, ఏ ఆపదను దాటి నిలిచినవి అనునది తెలిసికొనదగిన కథ.

ట్రామనునది వీధిలో పరచిన ఇనుప పట్టాలమీద నడచు బండి. రైలువలె దానికి ప్రత్యేకముగా కట్ట అక్కరలేదు. బస్సువలె అది పక్కకు తప్పుకొనజాలదు. మొదట గుఱ్ఱములు దానిని లాగుచుండెను. పిమ్మట విద్యుచ్ఛక్తి వచ్చెను. వీధిపై కట్టిన తీగనుండి ఒక పొడవైన గడ ద్వారా విద్యుత్తు బండిలోని మోటార్లకు చేరి, చక్రముల గుండా పట్టాలలోనికి తిరిగి పోవును. చెన్నపట్టణమున 1895లో విద్యుత్ ట్రాములు ప్రారంభమై 1953 వరకు నడచినవి. చదువులకును ఉద్యోగములకును ఆ నగరమునకు వెళ్లిన తెలుగువారెందరో వానిని ఎక్కి తిరిగినవారే.

ఇంగ్లండులోను ఇంచుమించుగా అదే కాలమున ట్రాములకు చెడ్డరోజులు వచ్చెను. పట్టాలు అరిగిపోయెను; బండ్లు పాతబడెను; బస్సులు, మోటారుకార్లు వీధులను ఆక్రమించెను. లండను మహానగరమున పాత ట్రాములలో చివరిది 1952 జులైలో నడచెను. ఒకప్పుడు లక్షలాది జనులను మోసిన బండ్లను వరుసగా నిలిపి, పనికివచ్చు ఇనుమును తీసికొని, చెక్కపెట్టెలను అగ్నికి ఆహుతి చేసిరి. ఒక వృత్తి అంతరించునపుడు బండ్లు మాత్రమే పోవు. బండ్లు కట్టు నేర్పును పోవును. ఇరుసునకు ఎంత సందు విడువవలెనో, మలుపులో చక్రము ఏల కీచుమనునో ఎరిగిన చేతులు పని లేక విశ్రమించును. పుస్తకములో వ్రాయబడని విద్య ఆ చేతులతోనే అణగిపోవును.

క్లాడ్ లేన్ లండనుకు ఉత్తరమున నున్న బార్నెట్ అను చోట ఒక విద్యుత్ పరిశ్రమకు యజమాని. అతని పనిశాలలో బ్యాటరీల బలముతో నడచు బండ్లు తయారగుచుండెను. ట్రాములన్నచో అతనికి మిక్కుటమైన మక్కువ. వృత్తి విద్యుత్తు, ప్రీతి ట్రాము. ఈ రెండును కలిసిన పిదప ఫలము పుట్టకుండునా? 1949 ప్రాంతమున అతడు ఒక చిన్న ట్రామును కట్టెను. వేల్సు దేశపు సముద్రతీరమున లాండడ్నో, కాల్విన్ బే అను ఊళ్ల నడుమ నడచుచుండిన ఒక ట్రాము దానికి మాతృక. దాని పట్టాల నడిమి ఎడము 15 అంగుళములు, అనగా సుమారు 38 సెంటీమీటర్లు మాత్రమే. ఉత్సవములలో దానిని నడిపించగా పిల్లలును పెద్దలును మూగి ఎక్కిరి. వారి సంతోషమే అతనికి పెట్టుబడి యయ్యెను. 1951 వేసవిలో సెయింట్ లెనార్డ్స్ అను తీరపట్టణమునను, 1952 నుండి వేల్సులోని రిల్ అను పట్టణమునను ఆ చిన్న ట్రాములు నడచినవి. లండనులో పెద్ద ట్రాములు అంతరించిన సంవత్సరమే, సముద్రపుటొడ్డున చిన్న ట్రాములు కొత్త సేవకు దిగుట గమనింపదగిన విషయము.

ఇచట ఒక ప్రశ్న కలుగవచ్చును. పెద్ద బండిని చిన్నదిగా చేయుటలో అంత కష్టమేమున్నది? ప్రతి కొలతను సగము చేసిన సరిపోదా?

సరిపోదు. లెక్క చేసి చూచిన కారణము తేటపడును. ఒక పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు మూడును సగమైనపుడు, దాని నేల వైశాల్యము నాలుగవ వంతగును. లోపలి చోటు ఎనిమిదవ వంతగును. అదే లోహముతో, అదే దార్ఢ్యముతో కట్టిన బండి బరువును ఎనిమిదవ వంతునకు దిగును. అయితే ఎక్కు మనుష్యుని సంగతి ఏమి? బండిని సగము చేయవచ్చునుగాని మనుష్యుని సగము చేయలేము. అతని మోకాళ్లకు చోటు కావలెను; తలకు చోటు కావలెను; అతని బరువు ఒక వీసమైనను తగ్గదు. కాబట్టి చిన్న బండి తన బరువుతో పోల్చినపుడు, పెద్ద బండికంటె ఎక్కువ భారమును మోయవలసి యుండును. ఇరుసును, స్ప్రింగులను, బ్రేకులను లెక్క ప్రకారము సన్నగిల్లజేసినచో మొదటినాడే విరుగును.

అందువలన ఇట్టి శిల్పి రెండు కొలబద్దలను చేతబట్టుకొని పని చేయును. ఒకటి మాతృకది, రెండవది మనుష్యునిది. చూపరికి బండి ఆకారము అసలుదానివలెనే కానవచ్చుటకు కిటికీల వరుస, అంచుల వంపు, రంగులు, దీపము మొదటి కొలబద్దచే నిర్ణయింపబడును. ఆసనముల ఎత్తు, మెట్ల ఎడము, తలుపు వెడల్పు రెండవ కొలబద్దచే నిర్ణయింపబడును. ఈ రెండును కలహించుచోట రాజీ కుదుర్చుటయే నేర్పు. లేన్ కట్టిన మేడబండ్లలో కొన్నింటికి పై అంతస్తునకు కప్పు లేదు. కప్పు లేనిచోట తలకు తగులు భయము లేదు. గాలికి గాలి, చూపునకు చూపు.

పనిలోను ఒక క్రమము కలదు. చూచువారికి ముందు కనబడునది పెట్టె. కట్టువానికి ముందు పుట్టునది చట్రము. చక్రములు, ఇరుసులు, మోటార్లు కూర్చిన బోగీలు మొదట తయారుకావలెను. వానిని ఖాళీగా పట్టాలమీద నడిపి, మలుపులలో చక్రపు అంచు పట్టాను ఒరయుచున్నదో లేదో చూడవలెను. తరువాత చట్రము, దానిమీద పెట్టె, పెట్టెలో తీగలు, చివర రంగు. తొందరపడి రంగు ముందు వేసినవాడు దానిని మరల గీకివేయవలసి వచ్చును.

బండికి గుండె మోటారైనచో, పగ్గము కంట్రోలరు. విద్యుత్తునంతను ఒక్కసారిగా మోటారునకు ఇచ్చినచో బండి ఎగిరిపడును, తీగలు కాలును. అందుచే ట్రామునడపువాడు కంట్రోలరు పిడిని గంటు తరువాత గంటుగా త్రిప్పును. మొదటి గంట్లలో విద్యుత్తు నిరోధకముల గుండా పోయి మందగించును. రెండు మోటార్లు ఒకదాని వెనుక నొకటిగా కలుపబడి విద్యుత్పీడనమును పంచుకొనును. బండి కదలిన పిదప నిరోధకములు ఒక్కొక్కటే తొలగింపబడును. అటుపిమ్మట మోటార్లు పక్కపక్కగా కలుపబడి, ఒక్కొక్కటియు పూర్తి పీడనమును పొందును. అపుడు బండి పరుగిడును. పెద్ద ట్రాములలో నున్న ఈ ఏర్పాటే చిన్న ట్రాములకును చెల్లును. వీధి ట్రాములకు సాధారణముగా 500 మొదలు 600 వోల్టుల విద్యుత్తు వాడుదురు. లేన్ స్థాపించిన మార్గమున నేడు 120 వోల్టులే వాడుచున్నారు. చిన్న బండికి, మెల్లని నడకకు అది చాలును.

1954లో లేన్ దక్షిణతీరముననున్న ఈస్ట్‌బోర్న్ పట్టణమున మరియొక మార్గమును వేసెను. ఇచట పట్టాల ఎడము 2 అడుగులు, అనగా సుమారు 61 సెంటీమీటర్లు. ఎడము పెరిగినకొలది బండియు పెరిగెను. ఇట్లగుటకు కారణము గడ్డిబండిని చూచిన ప్రతివానికిని తెలియును. ఇరుకు చక్రములమీద ఎత్తుగా గడ్డి వేసినచో మలుపులో బండి ఒరిగిపోవును; చక్రములు ఎడముగా నున్నచో నిలుచును. మేడబండికి ఈ నియమము మరింత వర్తించును. జనులు పైకెక్కిన కొలదియు బరువు పైకి చేరును గదా!

ఈస్ట్‌బోర్నులో పదునైదేండ్లు ఆ ట్రాములు నడచినవి. వేసవిలో బండ్లు నడపుట, శీతకాలమున బండ్లు కట్టుట అక్కడి పని. 1961లో బ్లాక్‌పూల్ పట్టణపు పడవ ఆకారపు ట్రామును పోలిన 4వ నంబరు బండి, 1964లో లండను మెట్రోపాలిటన్ ట్రామును పోలిన 2వ నంబరు బండి, 1968లో బాత్ నగరపు ట్రామును పోలిన 8వ నంబరు బండి పుట్టినవి. వేరువేరు నగరముల మాతృకల ప్రతిరూపములు ఒక్క పనిశాలలో చేరినవి.

ఇంతలో చిక్కు వచ్చెను. ఆ చోట మార్గమును పొడిగించుటకు వీలు లేకపోయెను. స్థలముపై దీర్ఘకాలపు హక్కును లభింపలేదు. పరుల నేలమీద కట్టిన పట్టాలు ఎన్నటికైనను ఎత్తక తప్పదు. లేన్ వేరుచోటు వెదకెను. డెవన్ మండలమున సీటన్ అను ఊరికి పోవు రైలుశాఖ 1966 మార్చిలో మూతపడియుండెను. అది యాక్స్ నది ఒడ్డున, నీటిపక్షులు వ్రాలు బురదమేటల వెంబడి పోవు దారి. సీటన్ మొదలు కోలీఫర్డ్ మీదుగా కోలిటన్ వరకు సుమారు మూడు మైళ్లు. ఆ దారిని పొందుటకు ప్రభుత్వపు అనుమతులు కావలసివచ్చెను. 1969 సెప్టెంబరులో ఈస్ట్‌బోర్ను మార్గమును మూసి, ఆ శీతకాలమున బండ్లను, పనిముట్లను, సామగ్రిని సీటనుకు తరలించిరి.

కొత్తచోట లేన్ ఒక పెద్ద నిర్ణయమును చేసెను. పట్టాల ఎడమును 2 అడుగుల 9 అంగుళములకు, అనగా సుమారు 84 సెంటీమీటర్లకు పెంచవలెను. ముందుముందు ఇంకను పెద్ద బండ్లను కట్టుటకు అది అవసరము. పెరిగినది 9 అంగుళములే. కాని ఆ 9 అంగుళముల వలన ఉన్న బండి ఒక్కటియు ఉన్నట్లుగా కొత్త పట్టాలమీద నిలువదు! ఇరుసు పొడవు మారవలెను. చక్రములు వెలుపలికి జరుగవలెను. చక్రములు జరిగినచో వానిని పట్టు బ్రేకు దిమ్మలును జరుగవలెను. బోగీ చట్రము వెడల్పు కావలెను. ఒక్క కొలత మారగా దాని వెంబడి పది కొలతలు మారును. ఇల్లు మారినవాడు సామాను మోసికొనిపోయిన చాలును. వీరు సామానునే కొత్తగా చేయవలసి వచ్చెను.

కొనితెచ్చిన బండ్లయినచో ఈ పని ఎంత దుస్తరమయ్యెడిదో ఊహింపవచ్చును. కాని అవి తమ చేతులతో కట్టుకొన్నవి. ఏ మర ఎచట బిగించినదో, ఏ తీగ ఎటు పోయినదో కట్టినవారికి తెలియును. చేతితో కట్టినదానిని చేతితో విప్పవచ్చును; విప్పినదానిని మరల కట్టవచ్చును. 1970 ఆగస్టులో సీటనున మొదటి ట్రాము జనులతో కదలెను. పైతీగ ఇంకను వేయబడలేదు. అందుచే బ్యాటరీల బలముతోనే దానిని నడిపిరి. తీగ సిద్ధమగువరకు బండిని ఆపలేదు. ఉన్న సాధనముతో పని సాగించిరి.

ఆ మరుసటి సంవత్సరము, 1971 ఏప్రిల్‌లో, క్లాడ్ లేన్ హఠాత్తుగా గుండెపోటుతో మరణించెను.

పని సగములో నున్నది. మార్గము పూర్తి కాలేదు. తీగలు లేవు. బండ్లన్నియు కొత్త పట్టాలకు మారలేదు. నడిపించు పెద్ద తల లేదు. ఇట్టి సమయమున ఎన్నో మంచి ప్రయత్నములు తుక్కుకొట్టులో ముగియుట లోకమున చూచుచునే యున్నారు. లేన్ ఒంటరిగా పని చేసినవాడే అయినచో ఈ కథయు అచటనే ముగిసియుండెడిది. అతనితో కలిసి ఈస్ట్‌బోర్ను దినములనుండియు పనిచేసిన ఆలన్ గార్డ్‌నర్ అను యువకుడు ఆ భారమును తలకెత్తుకొనెను. లేన్ అతనికి ఇచ్చిన ఆస్తి బండ్లు కావు. బండ్లు కట్టు విద్య. ఆ యువకుడును అతని తోటివారును వెనుదీయలేదు. 1971లోనే ట్రాములు కోలీఫర్డ్ చేరినవి. 1973లో పైతీగనుండి విద్యుత్తు అందెను. 1980లో, లేన్ మరణించిన తొమ్మిదేండ్లకు, మార్గము కోలిటన్ వరకు పూర్తియయ్యెను.

అదే 1980లో జరిగిన మరియొక పని చెప్పదగినది. ఈస్ట్‌బోర్నున 1966లో కట్టబడిన 12వ నంబరు బండి ఒకే అంతస్తు గలది. దానిని పారవేయక, విప్పి, పైన మరియొక అంతస్తు చేర్చి, కప్పులేని మేడబండిగా మార్చిరి. ఎడము పెరిగిన పట్టాలు ఆ ఎత్తును మోయగలిగెను. లేన్ పెంచిన 9 అంగుళముల ఫలము అట్లు ప్రత్యక్షమయ్యెను.

ఇంకొక చిత్రము. చిన్న బండ్లను పెంచిన ఆ చేతులే పెద్ద బండ్లను తగ్గించుటకును పూనుకొనెను. 1904లో పుట్టి, లండను వీధులలో తిరిగి, మూలబడియుండిన అసలు ట్రామొకటి వారికి దొరకెను. దాని పట్టాల ఎడము 4 అడుగుల 8½ అంగుళములు. సీటను పట్టాలకు అది ఏనుగువంటిది. దాని వెడల్పు తగ్గించి, కొత్త బోగీలపై నిలిపి, 14వ నంబరుగా 1984లో నడిపించిరి. 1921నాటి బోర్న్‌మత్ బండి 1992లోను, 1906నాటి ఎక్సెటర్ బండి 1998లోను అట్లే పునర్జన్మ నొందినవి. నమూనాలు చేయుటలో నేర్చిన విద్య ఇట్లు అసలు బండ్లకే ప్రాణము పోసెను. మొదట అసలును చూచి నమూనా పుట్టెను. తుదకు నమూనా నేర్పిన విద్యవలన అసలు బ్రదికెను.

ఇట్లు అసలు రూపమును కోసి తగ్గించుట తగునా యని కొందరికి సందేహము కలుగవచ్చును. ఆ సందేహము నిరాధారము కాదు. పాత వస్తువును ఒక్క మేకైనను మార్పక భద్రపరచుట ఒక ధర్మము. దానిని మార్చియైనను పనిలో నిలుపుట మరియొక ధర్మము. మొదటిది వస్తుప్రదర్శనశాలకు తగినది. రెండవది పట్టాలకు తగినది. శిథిలమైపోవు పెట్టె విషయమున మార్పా, నాశమా అను రెండే దారులున్నపుడు, మార్పును ఎన్నుకొన్నవానిని నిందింపరాదు. కాని మార్చువాడు ముందుగా కొలతలు వ్రాసికొని, తాను తీసినదేమో, చేర్చినదేమో తరువాతివారికి తెలియునట్లు చేయవలెను. జ్ఞాపకము లేని మార్పు చెఱుపు. జ్ఞాపకముతో చేసిన మార్పు రక్షణ.

నేడును యాక్స్ నది పక్కను ఆ ట్రాములు గంట మ్రోగించుచు పోవుచుండును. ఎక్కినవారిలో అనేకులు పక్షులను చూచుటకో, పిల్లలను సంతోషపెట్టుటకో వచ్చినవారు. తాము కూర్చున్న ఆసనము క్రింద నున్న ఇరుసుకు ఒక చరిత్ర కలదని వారిలో ఎందరు ఎరుగుదురో! ఎరుగకపోయినను ఆ ఇరుసు వారిని మోయుచునే యున్నది. మంచి పని లక్షణమట్టిది.

వేడుకకు మొదలిడిన పని వృత్తియై, వృత్తి వారసత్వమై నిలిచిన ఈ కథలో గ్రహింపవలసినది ఒక్కటి. వస్తువును చేయగలవాడు దానిని మార్చగలడు. మార్చగలవానికి చోటు పోయినను, కొలత మారినను వస్తువు పోదు. ఆ నేర్పును ఇంకొకరికి ఇచ్చినవానికి ప్రాణము పోయినను పని పోదు.

అభ్యాసము

1. బొమ్మకును నమూనాకును గల భేదమేమి? ఉదాహరణతో తెలుపుము.
2. పెద్ద బండి కొలతలన్నింటిని సగము చేసినచో చిన్న బండి ఏల పనికిరాదు?
3. కంట్రోలరు చేయు పనిని మీ మాటలలో వివరింపుము.
4. పట్టాల ఎడమును 9 అంగుళములు పెంచుటవలన కలిగిన కష్టమేమి? కలిగిన లాభమేమి?
5. క్లాడ్ లేన్ మరణానంతరము ఆ పని నిలుచుటకు కారణమేమి?
6. పాత వస్తువును మార్పక కాపాడుట మేలా, మార్చి వాడుకొనుట మేలా? మీ ఊరిలోని ఒక పాత వస్తువును ఉదాహరణముగా తీసికొని ఒక పుటలో వ్రాయుము.
7. ఎద్దుబండిని గాని, రిక్షాను గాని కొలిచి, పదవ వంతు కొలతతో అట్టతో నమూనా చేయుము. చేయునపుడు మీరు మార్చవలసివచ్చిన కొలతలను వ్రాసియుంచుము.

పదములు - అర్థములు

కుండ: బండిచక్రపు నడిమి దుంగ
పూటీలు: చక్రపు అంచుగా అమర్చు వంపుచెక్కలు
నొగలు: బండి ముందుకు సాగు పొడవైన కర్రలు
మాతృక: దేనిని చూచి వేరొకటి చేయుదురో ఆ మూలవస్తువు
ఎడము: రెండింటి నడుమ నున్న దూరము
దార్ఢ్యము: గట్టిదనము
దుస్తరము: దాటుటకు కష్టమైనది